అమ్మ అంటే నాలుగక్షరాలా? పిల్లల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్‌ను దిద్దడం వెనుక

‘అమ్మ’ అనే మాటలో అక్షరాలు ఎన్ని? ఒకటో తరగతి పాపను అడగండి, రెండు వేళ్లు చూపిస్తుంది. అ, మ్మ. అదే ప్రశ్న స్క్రాచ్ 3ని అడిగితే నాలుగు అంటుంది. స్క్రాచ్ అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టి 2007లో పిల్లల చేతికి వచ్చిన ప్రోగ్రామింగ్ సాధనం. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అతికించి ఆటలూ కథలూ తయారుచేసుకోవచ్చు. పదం పొడవు చెప్పే దిమ్మె కూడా అందులో ఉంది. దానికి ‘అమ్మ’ ఇస్తే 4 అని వస్తుంది. రెండో అక్షరం ఏమిటని అడిగితే ఒట్టి ‘మ’ చూపిస్తుంది. మూడోది అడిగితే పొల్లు ఒక్కటే, ఏ హల్లూ ఆసరా లేకుండా, చాలా తెరల మీద చుక్కల వలయానికి అంటుకుని వేలాడుతూ కనిపిస్తుంది.

ఇది తప్పా, కాదా? తప్పయితే ఎవరిది? పిల్లల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో బగ్ దిద్దడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. ఎందుకంటే ఈ వ్యవహారంలో కోడ్ రాయడం అన్నిటికంటే తేలిక.

బగ్ ఎప్పుడు బగ్ అవుతుంది

కంప్యూటర్ తప్పు చేసిందని అంటాం గానీ అది చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. ప్రోగ్రాము రాసినవారు చెప్పినదానికీ, వాడేవారు ఆశించినదానికీ మధ్య ఉన్న ఎడాన్నే బగ్ అంటున్నాం. ఆట మధ్యలో ఆగిపోతే అది బగ్ కాదని ఎవరూ వాదించరు. రెండూ మూడూ కలిపితే ఆరని చూపినా అంతే. చిక్కంతా మూడో రకంతోనే: ఒక లెక్కలో ఒప్పు, మరో లెక్కలో తప్పు. ‘అమ్మ’ నాలుగు కావడం ఆ రకం.

ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాము మూల పాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, అందరికీ కనిపించేలా ఉంచడం. దాన్ని చదవడానికీ, మార్చడానికీ, మార్చినదాన్ని పంచడానికీ లైసెన్సులోనే అనుమతి ఇవ్వడం. పిల్లల కోసం ఇలాంటివి పాతికేళ్లుగా ఉన్నాయి. 2000లో ఫ్రాన్సుకు చెందిన బ్రూనో కూదాఁ మొదలుపెట్టిన జీకాంప్రి రెండేళ్ల నుంచి పదేళ్ల వరకు పిల్లలకు వందకు పైగా ఆటపాఠాలు ఇస్తుంది. ఆ పేరును ఫ్రెంచిలో పలికితే ‘నాకు అర్థమైంది’ అని వినిపిస్తుంది. 2002లో బిల్ కెండ్రిక్ తెచ్చిన టక్స్ పెయింట్ బొమ్మలు గీసుకునేందుకు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ చదువు చాలాకాలంగా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది.

కోడ్ కనిపించడం వల్ల ఏం ఒరుగుతుందో చెప్పడానికి మన అక్షరమే ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేక రూపంలో సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుస ఆ వ్యవస్థకు మింగుడుపడలేదు. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పటిదాకా ఏ వరుస చిక్కు తెస్తోందో బయటివారు పట్టుకోగలిగారు గానీ, కోడ్ తెరిచి దిద్దే వీలు వారికి లేదు. తెలుగు వచ్చిన ప్రోగ్రామర్లు వేలమంది ఉన్నా కంపెనీ కోసం కాచుకుని కూర్చోవలసిందే.

పిల్లలు ఫిర్యాదు చేయరు

పెద్దవాళ్లు వాడే యాప్ చెడితే క్షణాల్లో తిట్లు మొదలవుతాయి. పిల్లల సాఫ్ట్‌వేర్‌కు ఆ అదృష్టం లేదు. ఒక పదాల ఆట ఉందనుకుందాం. బొమ్మ చూపించి, పదం దాచి, అక్షరానికో గీత చొప్పున ఖాళీలు పెడుతుంది. అమ్మ బొమ్మ కింద నాలుగు గీతలు. పాప ‘మ్మ’ అని పెడితే ఎర్రటి గుర్తు, ఏడుపు మొహం. పాప ఏమనుకుంటుంది? ఆటలో లోపం ఉందని అనుకోదు. తనకే రాలేదనుకుంటుంది. ఒప్పు జవాబును చెరిపేసి తప్పు జవాబు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ చెప్పిందంటే మాస్టారు చెప్పినట్టే కదా ఆ వయసులో.

పెద్దల సాఫ్ట్‌వేర్‌లో బగ్ పని చెడగొడుతుంది. పిల్లల సాఫ్ట్‌వేర్‌లో బగ్ పాఠం అయి కూర్చుంటుంది. పాఠం అయినదాన్ని ఎవరూ బగ్‌గా గుర్తించరు కాబట్టి అది ఏళ్ల తరబడి బతుకుతుంది.

పోనీ, ఆట తనంతట తానే ఇంటర్నెట్ ద్వారా లోపాలను తయారీదారులకు తెలియజేయవచ్చు కదా? పెద్దల యాప్‌లు చేసేది అదే. పిల్లల విషయంలో చట్టం అడ్డువస్తుంది, రావడం మంచిదే. అమెరికాలో 1998 నాటి చట్టం పదమూడేళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వారి ప్రవర్తనపై నిఘాను నిషేధించింది. కాబట్టి బాధ్యతగా నడిచే పిల్లల సాఫ్ట్‌వేర్‌కు కళ్లూ చెవులూ ఉండవు. పక్కన కూర్చున్న అమ్మో, నాన్నో, టీచరో చూసి చెప్పాలి.

అలా చెప్పడంలోనూ తేడా ఉంది. ‘మీ ఆట తెలుగులో సరిగా లేదు’ అని రాస్తే చదివినవారికి ఏమీ బోధపడదు. ఆ ఆటను నిర్వహించేది తెలుగు ముక్క రాని మనిషి కావచ్చు. పనికొచ్చే ఫిర్యాదు ఇలా ఉంటుంది: ‘ఫలానా వెర్షన్, ఫలానా ఆపరేటింగ్ వ్యవస్థ. భాష తెలుగుగా పెట్టి పదాల ఆట తెరిచాను. అమ్మ అనే మాటకు నాలుగు ఖాళీలు వచ్చాయి. తెలుగు బడిలో ఇది రెండక్షరాల మాట. రెండో అక్షరం మ, దాని కింద మ ఒత్తు, రెండూ కలిపి ఒకటే. కాబట్టి రెండు ఖాళీలు రావాలి.’ తెర ఫొటో ఒకటి జతచేస్తే ఇంకా మేలు. ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది అనే మూడూ ఉంటే, ప్రపంచంలో ఏ మూల ఉన్నవారైనా అదే లోపాన్ని తమ కంప్యూటర్‌లో పుట్టించి చూడగలరు. పుట్టించలేని బగ్‌ను దిద్దడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది

ప్రపంచంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. భారతీయ లిపులకు అంతకుముందు మన దేశంలో రూపొందిన ఇస్కీ పద్ధతినే యూనికోడ్ అనుసరించింది. ఆ పద్ధతిలో ఒత్తులకు విడిగా స్థానం లేదు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరుసగా పెడితే రెండోది ఒత్తుగా మారి కింద కూర్చుంటుంది. ఇది పొదుపైన ఏర్పాటు. ఇలా కాకుండా చేయవచ్చు కూడా. టిబెటన్ లిపికి యూనికోడ్‌లో కింద రాసే అక్షరాలకు వేరే అంకెలున్నాయి.

కాబట్టి ‘అమ్మ’ కంప్యూటర్ జ్ఞాపకంలో అ, మ, పొల్లు, మ. నాలుగు ముక్కలు. ఇలాంటి ఒక్కో ముక్కను కోడ్ పాయింట్ అంటారు. తెర మీద ఈ ముక్కలను కూర్చి అందమైన ‘మ్మ’గా చూపించే పని మరో ప్రోగ్రాముది, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ వంటివాటిలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాధనం. చూపించేవాడు వేరు, లెక్కపెట్టేవాడు వేరు. తెర మీద అంతా చక్కగా కనిపిస్తూ లెక్క మాత్రం తప్పడానికి కారణం ఇదే.

ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక ముక్క కాబట్టి, పదం పొడవు అడిగితే ముక్కలు లెక్కపెట్టి చెబితే సరిపోతుందనే అలవాటు ప్రోగ్రామర్లలో పాతుకుపోయింది. వాళ్లకు చురుకు తగిలింది ఎమోజీలతో. నాన్న, అమ్మ, పాప ఉన్న కుటుంబం ఎమోజీ కంటికి ఒక్కటే బొమ్మ. జావాస్క్రిప్ట్ భాషలో దాని పొడవు 8. మనం ముప్పై ఏళ్లుగా పడుతున్న అవస్థ పసుపు మొహాల పుణ్యమా అని అందరికీ అర్థమైంది.

వికటకవిని తిరగేస్తే

లెక్క తప్పితే ఎంత దూరం పోతుందో చూడాలంటే తెనాలి రామకృష్ణుడి బిరుదే చాలు. వికటకవి ఎటు నుంచి చదివినా వికటకవే: వి, క, ట, క, వి. ఇలాంటి మాటలను గుర్తించే ప్రోగ్రాము రాయడం స్క్రాచ్ నేర్చుకునే పిల్లలకు మంచి అభ్యాసం. చివరి నుంచి ఒక్కో అక్షరం తీసి పక్కన పేర్చి, అసలు మాటతో పోల్చాలి.

కంప్యూటర్ దగ్గర వికటకవి ఏడు ముక్కలు: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే మొదట గుడి వస్తుంది, దానికి ముందు హల్లే లేదు. తర్వాత వ, క, ట. ఆ తర్వాతి ‘క’ పక్కకు రెండో గుడి వచ్చి దాన్ని ‘కి’ చేస్తుంది. చివర ఒంటరి ‘వ’. ఫలితం: ివకటకివ. పిల్లవాడు రాసిన తర్కంలో ఇసుమంత లోపం లేదు. కంప్యూటర్ మాత్రం వికటకవి వికటకవి కాదని తీర్పు చెబుతుంది.

దిద్దుబాటు ఎక్కడ పెట్టాలి

ఇక్కడి నుంచే అసలు చర్చ. ఆట ఒక అంతస్తు. దాని కింద ఆట కట్టుకున్న పునాది సామగ్రి. జీకాంప్రికి 2014లో మొదలైన కొత్త అవతారం నుంచి అది క్యూట్ (Qt) అనే సాధనాల పెట్టె, స్క్రాచ్‌కు బ్రౌజరు. అన్నిటికంటే కింద యూనికోడ్ నియమాలు.

ఆటలోనే దిద్దుదామనేది ఒక వాదం. తెలుగుకు నియమం పెద్ద కష్టమేమీ కాదు. గుణింతపు గుర్తు, సున్న, విసర్గ వస్తే ముందున్న హల్లుకు కలుపు. పొల్లు తర్వాత హల్లు వస్తే విడదీయకు. పది పన్నెండు వరుసల కోడ్. ఈ వారమే పని అయిపోతుంది. దీనికి ఎదురు వాదం: రేపు ఒడియా కోసం మరో పది వరుసలు, మలయాళం కోసం ఇంకో పది, పక్క ఆటలో మళ్లీ ఇవన్నీ. ఎవరు చూసుకుంటారు? రాసినవారు ఉద్యోగం మారి కనిపించకుండాపోతే? అందుకే పునాదిలో ఉన్న సౌకర్యాన్ని వాడుకోవాలంటారు రెండోవారు. మనిషి కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్కల గుంపును గుర్తించే నియమాలు యూనికోడ్‌లోనే ఉన్నాయి. క్యూట్‌లోనూ కొత్త బ్రౌజర్లలోనూ ఆ పని చేసిపెట్టే సాధనాలున్నాయి.

రెండో వాదమే నాకు సబబుగా తోస్తుంది, కానీ అందులో ఒక మెలిక ఉంది. చాలాకాలం ఆ యూనికోడ్ నియమాలు గుణింతాలను కలిపి ఉంచేవి గానీ, పొల్లు దగ్గర తెంచేసేవి. అంటే అ, మ్, మ అని మూడు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో గానీ సంయుక్తాక్షరాలను విడదీయకూడదనే నియమం రాలేదు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపులకు అది వర్తించింది. పక్కింటి కన్నడం ఆ జాబితాలో లేదు.

ఈ తేడాల మధ్య మూడు మాటలు ఎలా నలుగుతాయో చూడండి. ‘అమ్మ’ ముక్కల లెక్కలో 4, పాత నియమంలో 3, కొత్త నియమంలో 2. ‘చంద్రుడు’ ముక్కల్లో 8, పాత నియమంలో చం, ద్, రు, డు అని 4, కొత్తదానిలో చం, ద్రు, డు అని 3. ‘స్త్రీ’ మరీ ఘోరం: 6, 3, 1. ప్రోగ్రామర్ తన కొత్త కంప్యూటర్‌లో చూసుకుని అంతా సరిగ్గా ఉందని సంబరపడతాడు. అదే కోడ్ పాత పునాది ఉన్న కంప్యూటర్‌లో ‘ద్రు’ను రెండుగా చీలుస్తుంది. కోడ్ ఒక్కటే, జవాబు రెండు.

లెక్క కుదిరిందనుకున్నా తీగ లాగితే డొంక కదులుతుంది. ఇంగ్లీషు ఆటలో పిల్లలు నొక్కడానికి 26 మీటలు పెడితే సరి. తెలుగులో అక్షరానికో మీట అంటే గుణింతాలూ ఒత్తులూ కలిపి వేలకు చేరుతుంది. కాబట్టి పదంలోని అక్షరాలూ, వాటితో పాటు తికమక పెట్టే మరికొన్నీ మాత్రమే చూపించాలి. మీటలను దిద్దకుండా ఖాళీలను మాత్రమే దిద్దితే గీతలు రెండే ఉంటాయి, కానీ వాటిని నింపే ‘మ్మ’ మీట ఎక్కడా దొరకదు. సగం దిద్దిన బగ్ కొన్నిసార్లు అసలు బగ్ కంటే పాడు.

ఒప్పు ఏదో తేల్చేది ఎవరు

‘బస్’ అనే మాటలో అక్షరాలు ఎన్ని? వాచకం చదివే పిల్లలు బ, స్ అని రెండంటారు. యూనికోడ్ కూడా అంతే. ఛందస్సు చదివినవారు పొల్లును ముందు అక్షరానికి చేర్చి, అంతా కలిపి ఒక గురువంటారు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో ఒక కనిపించని విడదీత గుర్తు పెడతాం. జ్ఞా గొడవలో ఉన్నది అదే. లెక్కపెట్టేటప్పుడు ఆ గుర్తు దగ్గర కలపడం ఆపాలి, కానీ పాప టైపు చేసిన జవాబును పోల్చేటప్పుడు దాన్ని పట్టించుకోకూడదు. ‘కై’లోని ఐత్వాన్ని ఒకే ముక్కగానూ రెండు ముక్కలుగానూ నిల్వ చేయడానికి యూనికోడ్ వీలిస్తుంది, చూపుకు తేడా ఉండదు, పోల్చే ముందు రెండిటినీ ఒకే రూపానికి తేవాలి.

ఇవన్నీ కోడ్ ప్రశ్నలు కావు, తెలుగు ప్రశ్నలు. ప్రోగ్రామర్ ఎంత దిట్ట అయినా వీటికి ప్రాథమిక పాఠశాల పంతులమ్మ జవాబే చెల్లుతుంది. ఎక్కువ కళ్లు చూస్తే ఏ లోపమూ దాగదని ఓపెన్ సోర్స్ లోకంలో గర్వంగా చెప్పుకుంటారు. ఆ కళ్లకు తెలుగు చదవడం వస్తేనే కదా.

దిద్దవద్దనేవారి మాట

స్క్రాచ్ వంటి సాధనం విషయంలో దిద్దకూడదనే వాదనకు బలముంది. పిల్లలు చేసి దాచుకున్న ప్రాజెక్టులు అక్కడ కోట్లలో ఉన్నాయి. పొడవు దిమ్మె ఇచ్చే జవాబు ఒక్కరాత్రిలో మారిపోతే, పాత జవాబు మీద ఆధారపడి కట్టిన ఆటలు చెడిపోతాయి. తెలుగు మాటలో గుడి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రామును ఒక అమ్మాయి రాసిందనుకోండి. గుడి విడి ముక్కగా దొరుకుతుంది కాబట్టే అది నడుస్తోంది. దిద్దుబాటు తర్వాత ‘వి’ అంతా ఒకటిగా వస్తుంది, ఆమె లెక్క సున్నా అవుతుంది. పైగా కంప్యూటర్ అక్షరాలను నిజంగా ఎలా దాచుకుంటుందో తెలియడమూ చదువే అని వీరంటారు.

ఎదుటివారి జవాబూ తేలికైనది కాదు. పదంలో రెండోదీ మూడోదీ చూపించే దిమ్మె మీద రాసి ఉన్నది ‘ముక్క’ అని కాదు, ‘అక్షరం’ అనే అర్థం వచ్చే మాట. పిల్లలకు ఇచ్చిన మాట అది. ఇంగ్లీషు పిల్లలకు మాట నిలబెట్టుకుని, తెలుగు పిల్లలకు యంత్రం లోపలి పేగులు చూపించి ఇదీ చదువే అనడం సమంజసం కాదు. మధ్యేమార్గం పాతదాన్ని అలాగే ఉంచి, అక్షరాలు లెక్కపెట్టే కొత్త దిమ్మె చేర్చడం. దాని ఇబ్బంది దానికుంది: రెండో దిమ్మె ఎందుకుందో తొమ్మిదేళ్ల పిల్లకు ఎవరు చెప్పాలి? ప్రోగ్రామింగ్ సాధనానికి ఈ మధ్యేమార్గమే గతి అనుకుంటాను. పదాల ఆటకు మాత్రం ఆ మినహాయింపు లేదు. అక్కడ రెండంటే రెండే.

ప్యాచ్ నుంచి బడి దాకా

దిద్దిన కోడ్‌ను ప్యాచ్ అంటారు. దాన్ని పంపగానే కలుపుకోరు. నిర్వాహకులు వరుస వరుసా చదువుతారు, ప్రశ్నలు వేస్తారు. తెలుగు రాని నిర్వాహకులకు నమ్మకం కలిగించేవి టెస్టులు, అంటే తమంతట తామే నడిచి ఫలితం సరిచూసే చిన్న పరీక్షలు. అమ్మ ఇస్తే 2, చంద్రుడు ఇస్తే 3, స్త్రీ ఇస్తే 1, దుఃఖం ఇస్తే 2, వికటకవి తిరగేస్తే వికటకవి. వాటి పక్కనే ఇంగ్లీషు, ఫ్రెంచి మాటలు కూడా ఉండాలి, తెలుగును బాగుచేయబోయి ఇంకొకరిని చెడగొట్టలేదని తెలియడానికి. ఈ జాబితా కోడ్ కంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఐదేళ్ల తర్వాత ఎవరో ఆ భాగాన్ని తిరగరాస్తే, తెలుగు తప్పిన మరుక్షణం టెస్టు ఎర్రజెండా ఎత్తుతుంది.

కలుపుకున్నాక తర్వాతి విడుదలలో అది బయటికి వస్తుంది. లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ వ్యవస్థను కూర్చి అందించే పంపిణీలు దాన్ని తమ భాండాగారంలో చేర్చుకోవాలి. స్థిరత్వం కోరుకునే డెబియన్ వంటివి రెండేళ్లకోసారి గానీ కొత్త వెర్షన్లు తీసుకోవు. బడిలో కంప్యూటర్లను ఒకసారి ఎవరో వచ్చి అమర్చి వెళతారు. ఇంటర్నెట్ ఉండకపోవచ్చు, పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండకపోవచ్చు, నడుస్తున్నదాన్ని కదిపితే ఏమవుతుందోనని టీచరు జంకవచ్చు. ఫిర్యాదు పేజీలో ‘పరిష్కరించబడింది’ అని పచ్చరంగు ముద్ర పడిన రోజున ఆ బడిలో అమ్మ బొమ్మ కింద ఇంకా నాలుగు గీతలే ఉంటాయి. సంవత్సరానికోసారి సెలవుల్లో సాఫ్ట్‌వేర్ మార్చే అలవాటున్న బడి అయితే, పాప రెండో తరగతికి వెళ్లాక ఆ గీతలు రెండవుతాయి.